కోసేసిన రెండు నిమిషాలు

జహ్రా,
ఫిబ్రవరి 6, 1998

అక్కా,

ఈ ఉత్తరం రొట్టెల వాసన వేస్తే తప్పు నాది కాదు. ఖాజా హుస్సేన్ దీన్ని తన ఖుబ్బూస్ రొట్టెల వ్యానులో అట్టపెట్టెల మధ్య దోపి తెస్తాడు. ఆయన కడప మనిషి. పొద్దున్నే జహ్రాలో మా పక్క కొట్టుకి రొట్టెలు వేసి, అటునుంచి మీ రుమైథియా వస్తాడు. "మీ యక్క చెత్త పారెయ్యను ఎన్ని గంటలకు బయటికొస్తాది చెప్పప్పా, ఆ టయానికి నేనాడుంటా" అన్నాడు. ఇంత చిన్న అరబ్బు దేశంలో నీకూ నాకూ మధ్య యాభై కిలోమీటర్లు కూడా లేవు. మూడేళ్ళలో రెండుసార్లు కలుసుకున్నాం. ఫోను చేద్దామంటే అది హాల్లో మీ యజమానురాలు మామా పక్కనే ఉంటుంది. నువ్వు "బాగున్నాను, బాగున్నాను" తప్ప మూడో మాట మాట్లాడవు. అందుకే ఈ కాగితం.

వీడియో కొట్లో నాకు పెద్ద పదవి వచ్చింది. ఇన్నాళ్ళూ నేల తుడిచానా, ఇప్పుడు యజమాని అబూ ఫహద్ నన్ను వెనకగదిలో కూర్చోబెట్టాడు. రెండు వీసీఆర్లు, ఒక టీవీ. ఒకదాంట్లో సినిమా నడుస్తుంటుంది, రెండోది దాన్ని ఎక్కించుకుంటుంది. ముద్దు రాగానే నేను రెండోదాన్ని ఆపాలి. ముద్దు అయిపోగానే మళ్ళీ నొక్కాలి. సారా గ్లాసు వచ్చినా అంతే. కోసిన కాపీనే అద్దెకిస్తారు. ఈ ఊరికి రావలసిన ముద్దులన్నీ నేనొక్కణ్ణే చూసి ఇంకెవరికీ మిగలనివ్వడం లేదు. పెళ్ళికాని వాడికి ఇంతకంటే పాపిష్టి ఉద్యోగం ఉంటుందా చెప్పు.

బ్రెజిల్ సీరియళ్ళని అరబ్బీలో వేస్తే ఇక్కడి ఆడవాళ్ళు ఎగబడి చూస్తున్నారని, అబూ ఫహద్ బీరూట్ నుంచి ఆ దేశం క్యాసెట్లు ఒక పెట్టె తెప్పించాడు. అన్నీ ప్రేమకథలే, ఒక్కటి తప్ప. వాళ్ళ మాట నాకు రాదు. కింద పడే అరబ్బీ చదవడమూ రాదు. అయినా ఆ ఒక్కటీ అర్థమైంది.

ఒకావిడ తల్లి పోయాక చిన్ననాటి ఇంటికి తిరిగొస్తుంది. ఏటి ఒడ్డున కర్రల మీద కట్టిన ఇల్లు. ఆ ఏరు గోదారంత వెడల్పు, వరద రంగు కూడా అదే. ఆవిడ చిన్నప్పుడు తమ్ముడొకడు ఆ నీళ్ళలో పోయాడు. ఇప్పుడు ఏటిలోంచి ఏదో లేస్తుంది. దెయ్యం కాదు. దానికి ముఖం లేదు, కాళ్ళు లేవు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఉండి, పైన ఆకాశంలో ఎక్కడ ఆగిందో కనిపించదు. అది కదిలినప్పుడల్లా పిల్లవాడి గొంతు వినిపిస్తుంది. ఆవిడ దాన్ని తిడుతుంది, మొక్కుతుంది, రాళ్ళు రువ్వుతుంది. దానికి ఏమీ పట్టదు. దానికి కోపం లేదక్కా. మనం అనేవాళ్ళం ఉన్నామనే దానికి తెలీదు. నాకు భయం వేసింది అక్కడే.

ముద్దులేమీ లేవు. అయినా ఏడుసార్లు చూశాను. నువ్వు ఎలా ఉన్నావో రాయి.

నీ తమ్ముడు
నాగేంద్రబాబు

రుమైథియా,
ఫిబ్రవరి 20

ఒరేయ్ నాగేంద్రా,

ఏడుసార్లా! అన్నం తిన్నావా ఆ రోజు? నీకు పని తక్కువైంది, నాకు నిద్ర తక్కువైంది. దేవుడు వాటాలు వేయడంలో ఎప్పుడూ ఇంతే.

ఇక్కడ మళ్ళీ యుద్ధమొస్తుందని కిటికీలన్నిటికీ టేపులు అంటించాం. విషం గాలి రాకుండానట. మామా అత్తగారు, నేను పెద్ద మామా అంటానే, ఆవిడ మాత్రం తన గది కిటికీ ముట్టుకోనివ్వలేదు. ఆవిడ చిన్న కొడుకు ఫైసల్‌ని తొంభైలో ఇరాకు సైనికులు పట్టుకుపోయారు. ఇరవై మూడేళ్ళవాడు. బతికున్నాడో లేదో ఇప్పటికీ తెలీదు. వచ్చి కిటికీ కొడితే వినపడాలి అంటుంది. ప్రతి గురువారం అతని తెల్ల దిష్దాషాలు, అదే పొడుగు చొక్కాలు, నాలుగూ ఉతికి ఇస్త్రీ చెయ్యడం నా పని. ఎనిమిదేళ్ళుగా ఎవరూ తొడగని బట్టలు. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు కాలరు దగ్గర మడత నిలవకపోతే నాకే తోచదు.

అసలు సంగతి వేరే ఉంది. అమ్మ పక్కింటి పిల్ల చేత ఉత్తరం రాయించింది. ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను: "ఈ శ్రావణానికి మీ సెల్లి దేవిక వరదలో పోయి పన్నెండేళ్లు నిండుతాయి. గల్లంతైనోళ్ళకి పన్నెండేళ్ళు సూసి, దర్భలతో బొమ్మ సేసి కర్మ సెయ్యాలంట, పంతులుగారు సెప్పేరు. ఏడేళ్ళ పిల్లకి ఇంత తంతు అక్కర్లేదుగానీ నీ మనసు కోసం సేద్దాం అన్నారు. మీ నాన్న లేడు. ఆ రోజు బొండం పట్టి నిన్ను బతికించినోడే దాని రుణవూ తీర్చాలి. తమ్ముణ్ణి పంపు."

ఆవిడ ఇలా అడగడం ఇదే మొదటిసారి. సెలవు గురించి మీ అబూ ఫహద్‌తో మాట్లాడు. ఆ క్యాసెట్టు కూడా ఇచ్చి పంపు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక పెద్ద మామా గదిలో టీవీ ఖాళీయే.

అక్క
అచ్చాయమ్మ

జహ్రా,
మార్చి 8

అక్కా,

క్యాసెట్టు పంపుతున్నాను. పెద్దావిడ భయపడితే నన్ననకు.

సెలవు దొరికేలా లేదు. పాస్‌పోర్టు అబూ ఫహద్ బీరువాలో ఉంది. ఎండాకాలం బడులకు సెలవులిస్తే కొట్లో జనం ఎక్కువ. అమ్మకి నచ్చజెప్పు. పెదనాన్నగారి అబ్బాయి ఉన్నాడుగా, అతను చేసినా చెల్లుతుందేమో పంతులుగారిని అడగమను.

ఉంటాను.

నాగేంద్ర

రుమైథియా,
మార్చి 27

నాగేంద్రా,

సినిమా చూశాం. అరబ్బీ చదవడం పెద్ద మామాకీ రాదు, నాకూ రాదు. ఇద్దరం ఒకే మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. ఈ దేశమొచ్చాక ఒకరి పక్కన కూర్చుని ఏదైనా చూడడం ఇదే మొదలు.

నువ్వు భయపడినచోట నాకు భయం వెయ్యలేదు. ఆ ఏడు సారె పెట్టలేదని గోదారమ్మకి కోపమొచ్చి పిల్లని పట్టుకుపోయిందని అమ్మ పన్నెండేళ్ళుగా తలబాదుకుంటోంది. కోపమే లేదనుకో, అమ్మ తప్పూ లేదన్నమాటేగా. నాకు కాస్త ఊపిరాడింది.

కానీ ఒకచోట బొమ్మ ఎగిరింది. సినిమాలో ఆవిడ చిన్నప్పటి కథ వస్తుంది చూడు, అక్కడ. తల్లి నిద్రపోతోంది. ఆడపిల్ల గుమ్మంలో ఉంది, పిల్లవాడు మెట్ల మీద ఉన్నాడు. చటుక్కున ఏదో గీత పడింది. మళ్ళీ చూస్తే మెట్లు ఖాళీ. పెద్ద మామా "ఏడీ? పిల్లాడేడీ?" అని వెనక్కి తిప్పించింది. నాలుగుసార్లు తిప్పాను. ప్రతిసారీ ఉన్నాడు, ప్రతిసారీ లేడు. ఆవిడ ఆ రోజు భోజనం చెయ్యలేదు.

అది ముద్దులుండే చోటు కాదు. ఏం కోశావు అక్కడ?

పెదనాన్న కొడుకు సంగతి ఇంకోసారి ఎత్తకు.

అక్క

జహ్రా,
ఏప్రిల్ 10

అక్కా,

నేనేం కొయ్యలేదు. టేపు నలిగింది. బీరూట్ సరుకు, అలాగే ఉంటుంది. మీ మామా వంటగది బండారాలు చాలనట్టు, నా వెనకగది పంచనామా కూడా నీకెందుకు? పెద్దావిడకి ఇంకో నవ్వుల సినిమా పంపుతాను, దాంతో సరిపెట్టు.

నాగేంద్ర

రుమైథియా,
ఏప్రిల్ 24

నాగేంద్రా,

నవ్వుల సినిమా తిప్పి పంపేశాను. ఖాజా హుస్సేన్ "ఏమ్మా, మీ యక్కాతమ్ముళ్ళ ఉత్తరాలు నా రొట్టెల కంటే బరువైతాండాయే" అన్నాడు. నిజమే అనుకున్నాను.

నేనొకటి చెప్తాను, విను. ఆ వరదలో అమ్మా నాన్నా గేదెల్ని గట్టు మీదికి తోలడానికి వెళ్ళి అటే చిక్కుకుపోయారు. మన తాటాకు కప్పు మీద ముగ్గురమే. నాకు పద్నాలుగు, నీకు పది, దేవికకి ఏడు. నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. రెండో రోజు ఎండలో కళ్ళు మూశాను, ముగ్గురం. కళ్ళు తెరిచాను, ఇద్దరం. "నేనూ నిద్దరోయేను అక్కా, అది జారిపోయింది" అన్నావు. బొండం కొట్టి నా నోట్లో నీళ్ళు పోశావు. ఆ మధ్యలో ఏం జరిగిందని ఇన్నేళ్ళలో నేను అడగలేదు. అడిగితే, పెద్దదాన్నయ్యుండి నేనెందుకు నిద్రపోయానో కూడా చెప్పుకోవాలి. అందుకని ఊరుకున్నాను. నేను చేసింది అది.

ఆ మెట్లు ఖాళీ అయినచోట నాలుగుసార్లు వెనక్కి తిప్పింది పెద్ద మామా కోసమే కాదు. నాకు అచ్చం అలాగే జరిగింది కాబట్టి.

నిన్న ఇస్త్రీ చేస్తుంటే పెద్ద మామా వచ్చి కూర్చుంది. "ఎందరో పెద్దపెద్దవాళ్ళు వచ్చి ఓర్చుకో అని చెప్పి వెళ్ళారు. ఒక్కడు, చూసినవాడు ఒక్కడు, ఈ గుమ్మంలో నిలబడి ఏం జరిగిందో చెప్తే వాడి తల మీద ముద్దు పెట్టుకుంటాను" అంది. "వాడే చంపినవాడైతేనో?" అన్నాను. "ముందు చెప్పనీ" అంది.

ఇప్పుడు చెప్పు.

అక్క

జహ్రా,
మే 15

అక్కా,

ఈ కాగితం నాలుగుసార్లు చింపాను. ఇది ఐదోది.

నేను నిద్రపోలేదు. నువ్వు "నీళ్ళు, నీళ్ళు" అని కలవరిస్తున్నావు. చుట్టూ గోదారే, ఒక్క గుక్క తాగినా వాంతి అవుతోంది. ఒక బొండం తేలుతూ వచ్చి కప్పు చివర చూరుకి తగులుకుంది. చూరు నన్ను మొయ్యదనిపించింది. దేవికతో "నువ్వు తేలిగ్గా ఉంటావు, నువ్వెళ్ళి తే" అన్నాను. "అన్నయ్యా, నాకు బయమేత్తంది" అంది. కసిరాను. పాక్కుంటూ వెళ్ళి బొండం మీద చెయ్యి వేసింది. చూరు ఊడిపోయింది.

అది మునిగిపోలేదక్కా. ఊడిన తాటాకుల మీదే కూర్చుని ఉంది. మెల్లగా పోతోంది. మన జామచెట్టు కొమ్మల పక్కనుంచి పోయింది. ఏడవలేదు. నా వైపే చూస్తోంది, నేనేదో చేస్తాననుకుంది. నీకు ఈత వచ్చు. మగపిల్లలతో పందెం కట్టి పాయ దాటేదానివి. నువ్వు నా మోకాలి పక్కనే పడుకుని ఉన్నావు. లేపలేదు. లేపితే దాన్ని పంపింది నేనేనని తెలుస్తుంది, కొడతావు. అంత గోదారి కంటే నాకు అప్పుడు నీ దెబ్బే పెద్దదిగా కనిపించింది. నోరు మూసుకుని చూస్తూ కూర్చున్నాను. కొబ్బరితోట మలుపు దాకా కనిపించింది.

ఆ బొండం మాత్రం తిరిగి వచ్చి కప్పుకే తగిలింది. కప్పులో దోపిన కొడవలితో కొట్టి నీకు తాగించాను. ఊరంతా నన్ను మెచ్చుకుంది. అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు చోటే లేకుండా పోయింది.

సినిమాలో తమ్ముడు మెట్టు మెట్టు దిగి నీళ్ళలోకి పోతుంటే ఆ పిల్ల గుమ్మంలో నోరు మూసుకుని చూస్తుంటుంది. పక్కనే తల్లి నిద్రపోతోంది. అరవదు. రెండు నిమిషాలు అలాగే నిలబడుతుంది. నేను కోసింది అదే. మొదటిసారి నా వేలు తనంతట తనే నొక్కింది. తర్వాత నేను దాన్ని సరిచెయ్యలేదు. కొయ్యని క్యాసెట్టు దీంతో పంపుతున్నాను. పెద్దావిడకి చూపించు.

ఇలాంటివాణ్ణి దర్భబొమ్మ పట్టుకుని దేవిక పేరు ఎలా పలుకుతాను?

నాగేంద్ర

జహ్రా,
జూన్ 5

అక్కా,

మూడు వారాలైంది. ఖాజా హుస్సేన్ రోజూ వట్టి చేతులతో వస్తున్నాడు. "మీ యక్క చెత్తబుట్ట తెచ్చి ఆడ పెడతాది, నన్ను సూసి కూడా సూడనట్టే పోతాది, నేనేం జేసేది అబ్బోడా" అంటున్నాడు.

తిట్టయినా సరే రాయి. నాకు ఇక్కడ తిట్టడానికి కూడా ఎవరూ లేరు.

నాగేంద్ర

రుమైథియా,
జూన్ 19

నాగేంద్రా,

కోపంతో రాయలేదు. ఇప్పుడు కూడా కోపం పోయి రాయడం లేదు.

నీ ఉత్తరం చదివిన రోజు ఫైసల్ దిష్దాషా ఒకటి కాల్చేశాను. ఇస్త్రీపెట్టె దాని మీద పెట్టి నిలబడిపోయాను. వాసనకి పెద్ద మామా వచ్చింది. తిడుతుందనుకున్నాను. కాలిన బట్ట మడిచి తన మంచం కింద పెట్టుకుంది. నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. ఆ రోజే ఆవిడకి కొయ్యని సినిమా చూపించాను. ఆ పిల్ల గుమ్మంలో నిలబడ్డంతసేపూ "సగీరా, సగీరా" అంటూనే ఉంది. చిన్నపిల్ల, చిన్నపిల్ల అని. ఆవిడ ఆ పిల్లనేమీ అనలేదు.

నేను ఆవిడంత మంచిదాన్ని కాదు. నన్ను లేపాల్సింది నాగేంద్రా. ఆ జ్వరంలో దూకితే పది బారలు కూడా ఈదేదాన్ని కాదు, ఇద్దరం పోయేవాళ్ళం. ఇది నాకు నేను నెల రోజులుగా చెప్పుకుంటున్నాను. నిజమే అయుంటుంది. అయినా లేపాల్సింది. ఈ మాట నేను చచ్చేదాకా అంటాను, నువ్వు పడాలి. ఆ బొండం నీళ్ళు తాగి బతికినదాన్ని కాబట్టి అనే హక్కూ నాదే, నిన్ను వదిలెయ్యలేకపోవడం కూడా నా ఖర్మే.

ఇక విను. కర్మ నువ్వే చెయ్యాలి. చేసే ముందు అమ్మకి చెప్పాలి. చెప్పకుండా దర్భబొమ్మని నీళ్ళలో వదిలితే అది నీ వెనకగది పనే అవుతుంది. అమ్మ పన్నెండేళ్ళు ఎందుకు ఎదురుచూసిందనుకున్నావు? ఎవరో ఒడ్డున పట్టుకుని పెంచుకుంటున్నారేమో అని. రేవులో పడవ దిగే దేవిక ఈడు పిల్లలందరి ముఖాలూ చూస్తుంది. ఇప్పుడు దేవికకి పందొమ్మిదేళ్ళని లెక్క కడుతుంది. ఏం జరిగిందో చూసినవాడివి ఈ లోకంలో నువ్వొక్కడివే. ఆవిడ్ని ఈ ఎదురుచూపు నుంచి తప్పించగలిగినవాడివి కూడా నువ్వొక్కడివే. ఆవిడ నిన్ను కొట్టొచ్చు, ఇంట్లోంచి పొమ్మనొచ్చు. నాకు తెలీదు, భరోసా ఇవ్వను.

మామా నన్ను ఇప్పుడు పంపదు. నీ సెలవుకోసం పెద్ద మామా అబూ ఫహద్‌కి తనే ఫోను చేయించింది. ఏం చెప్పిందో నేను అడగలేదు. పాస్‌పోర్టు ఇస్తాడట.

అమ్మకి చెప్పాక నాకు రాయి. చెప్పకపోతే రాయకు.

అచ్చాయమ్మ

చినపాటిలంక, కోనసీమ,
ఆగస్టు 4

అక్కా,

చెప్పాను.

వచ్చిన మూడు రోజులూ చెప్పలేకపోయాను. ఈ పొద్దున పంతులుగారు అరుగు మీద దర్భలు ముడేస్తున్నారు. బొమ్మకి కాళ్ళు కట్టడం చూసి ఇక ఆగలేదు. అమ్మ బియ్యం చెరుగుతోంది. అక్కడే నిలబడి అంతా చెప్పాను. దాన్ని కసరడం, నిన్ను లేపకపోవడం, అన్నీ.

అమ్మ చేట కింద పెట్టింది. "ఏ పక్కకి పోయింది?" అంది. కొబ్బరితోట మలుపు అన్నాను. "ఏడ్సిందా?" అంది. లేదన్నాను. కొట్టడానికి లేచిందనుకుని తల వంచాను. ఎంతసేపటికీ దెబ్బ పడలేదు. "పదేళ్ళోడివి, అదంతా ఒక్కడివే సూసేవా?" అంది. నా కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది.

రేవుకి అలాగే వచ్చింది. గోదారి ఎర్రగా, నిండుగా ఉంది. బొమ్మని వదులుతుంటే ఆవిడ చెయ్యి కూడా నా చేతితో పాటే నీళ్ళలో మునిగింది. పంతులుగారు "కర్త చెయ్యి వదలాలమ్మా" అన్నారు. వదల్లేదు. దేవిక పేరు పలికాను. ఇంటికొచ్చాక అన్నం తనే కలిపి నా నోట్లో పెట్టింది.

ఇప్పుడు మధ్యాహ్నం మూడైంది. చాప మీద పడుకుని నిద్రపోతోంది. నన్ను ఇంకా వదల్లేదు. ఎడం చేత్తో రాస్తున్నాను అక్కా, అక్షరాలు కుదరడం లేదు.

నాగేంద్ర